సూప్‌కు చిక్కదనం టమాటాయే ఇవ్వాలి

టమాటా సూప్‌లో మొక్కజొన్న పిండి కలపకూడదని నా వాదన. చక్కెర కూడా అక్కరలేదు. రంగు కోసం బీట్‌రూట్ ముక్క వేయడం మరీ అన్యాయం. ఈ మూడూ లేకుండా చేస్తే సూప్ పల్చగా, పుల్లగా, వెలిసిపోయినట్టు వస్తుందని చాలామంది అంటారు. అలా వచ్చిందంటే లోపం చాలావరకు పొయ్యి దాకా రాకముందే, సంచిలోకి చేరిన కాయలోనే ఉంది. సరిగా పండని టమాటాతో మొదలుపెట్టి, దానికి లేని చిక్కదనాన్ని పిండితో, లేని తీపిని చక్కెరతో, లేని ఎరుపును దుంపతో తెచ్చిపెడుతున్నాం. ఇన్ని కలిపాక టమాటా రుచి ఎంత మిగులుతుంది?

మనలో చాలామందికి ఈ సూప్ మొదట ఇంటి బయటే పరిచయమైంది. హోటల్లో, పెళ్లి విందులో, కాదంటే రైల్లో. రాజధాని రైళ్లలో రాత్రి భోజనానికి ముందు వేడి టమాటా సూప్, పక్కన బ్రెడ్ కడ్డీలు, చిన్న వెన్న పొట్లం పెట్టడం ఎంతోమందికి గుర్తుండే ఉంటుంది. వందల మందికి వడ్డించాల్సిన చోట పిండి ఎందుకు వేస్తారో నేను అర్థం చేసుకోగలను. గంటల తరబడి వేడి మీద ఉన్నా గుజ్జు ఒకవైపు, నీరు ఒకవైపు విడిపోకుండా పిండి పట్టి ఉంచుతుంది. కాయ ఏ రకమైనా రోజూ ఒకే చిక్కదనం వస్తుంది. కానీ నలుగురికి వండే ఇంట్లో ఆ ఇబ్బంది లేదు. దించగానే తాగేస్తాం. ఆ వంటశాల అవసరాన్ని మనం రుచిగా పొరబడి ఇంటికి తెచ్చుకున్నాం.

పొడి పొట్లాలు ఆ అలవాటును ఇంకా గట్టిపరిచాయి. మన దేశంలో పొట్లం మీద పదార్థాల పేర్లను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది నిబంధన. ఈసారి సూప్ పొట్లం చేతికి వచ్చినప్పుడు వెనక్కి తిప్పి మొదటి మూడు నాలుగు పేర్లు చదవండి. టమాటా ఎన్నోదో చూడండి. ఆ పక్కనే ఉప్పులో ఉండే సోడియం ఎంతో కూడా ఉంటుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద 5 గ్రాముల ఉప్పుకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అన్నం, పప్పు, పచ్చడి, మజ్జిగలతో మన ఉప్పు లెక్క ముందే నిండిపోయి ఉంటుంది. జ్వరం నుంచి కోలుకుంటున్నవాళ్లకు, రక్తపోటు ఉన్న పెద్దవాళ్లకు తేలిక ఆహారమని ఇదే పొట్లం కలిపి ఇస్తున్నామంటే నాకు బాధగా ఉంటుంది.

అమెరికాలో 1897లో జాన్ డోరెన్స్ అనే రసాయన శాస్త్రవేత్త క్యాంప్‌బెల్ కంపెనీలో సూప్‌ను నీరు తగ్గించి డబ్బాలో పెట్టే పద్ధతి కనిపెట్టాడు. మొదట అమ్మిన రకాల్లో టమాటా ఒకటి. ఆ డబ్బా రుచి ఎలా ఉన్నా, అందులోని కిటుకు మాత్రం మన పొయ్యికి పనికొస్తుంది. టమాటాలో 94 శాతం దాకా నీళ్లే. అందులో కొంత ఆవిరి చేస్తే చాలు, మిగిలినది తనంతట తానే చిక్కబడుతుంది. బయటి నుంచి ఏదో కలపడం కన్నా లోపలున్న నీటిని తగ్గించడమే అసలు పని.

అందుకు కాయ పండి ఉండాలి. మంచి సూప్ మొదలయ్యేది రైతు బజారులో, అదీ సాయంత్రం పూట. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో రైతు బజార్లు మొదలైనప్పటి నుంచి మెహదీపట్నం బజారు మా ఇంటికి కూరగాయలు పెడుతోంది. పొద్దున వెళ్తే గట్టి కాయలు కుప్పగా ముందుంటాయి. సాయంత్రానికి ఏరి పక్కన పెట్టిన మెత్తటి కాయలు ఓ గంపలో కనిపిస్తాయి. నేను ఆ గంప దగ్గర కూర్చుంటే అమ్మే ఆవిడ, “అవి మీకెందుకమ్మా, రేపటికి ఉండవు. గట్టివి ఏరుకోండి” అంటుంది. “రేపటిదాకా ఎందుకక్కా, ఈ రాత్రికే వండేస్తాను” అంటాను. ధర సగానికి దిగుతుంది. బూజు పట్టినవి, నీరు కారుతున్నవి, పులిసిన వాసన వచ్చేవి వదిలేయాలి. వేలితో నొక్కితే లోపలికి వెళ్లి, తొడిమ దగ్గర కూడా పచ్చదనం మిగలకుండా ఎర్రబడినవి కావాలి. తొడిమ దగ్గర ముక్కు పెడితే ఆకు వాసనతో కలిసి పండు వాసన రావాలి. ఏ వాసనా రాకపోతే ఎంత నిగనిగలాడినా ఆ కాయ సూప్‌కు పనికిరాదు.

గట్టి కాయల మీద నాకు కోపం లేదు. మదనపల్లె నుంచో కోలారు నుంచో లారీలో రాత్రంతా ప్రయాణం చేసే కాయను పండాక కోస్తే దారిలోనే చితికిపోతుంది. కాబట్టి దోరగా ఉన్నప్పుడే కోస్తారు. క్రేట్లలో, దుకాణాల్లో ఎర్రబడుతుంది. కానీ చెట్టు ఆకుల నుంచి కాయకు చేరాల్సిన చక్కెరలు కోసిన క్షణంతోనే ఆగిపోతాయి. రంగు వస్తుంది, తీపి రాదు. ఇక హైబ్రిడ్ రకాలను తిట్టి నాటు టమాటాలను ఆకాశానికెత్తడం పట్నంలో కూర్చున్నవాళ్లకు తేలిక. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ అర్కా రక్షక్ అనే రకాన్ని ఆకుముడత, వడలు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునేలా తయారుచేసింది. తెగులు వస్తే పంటంతా పోయే రైతుకు అది ఎంత ఊరటో, చిత్తూరు వైపు టమాటా వేసే మా మేనమామ చెబితే నాకు తెలిసింది. నా మాట ఒక్కటే. ఏ రకమైనా సరే, పూర్తిగా పండనివ్వండి. గట్టి కాయలే దొరికితే వెదురు బుట్టలో ఒక వరసగా పరిచి, ఎండ తగలని చోట రెండు మూడు రోజులు ఉంచండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. ఆ చలికి వాసననిచ్చే పదార్థాలు తయారవడం తగ్గిపోతుంది. మళ్లీ బయట పెట్టినా పోయిన వాసన పూర్తిగా తిరిగి రాదు.

ధర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2023 జులైలో చాలా నగరాల్లో కిలో టమాటా 200 రూపాయలు దాటింది. కేంద్రం రాయితీ ధరకు అమ్మించాల్సి వచ్చింది. కొన్ని వారాలు తిరిగేసరికి, అంటే సెప్టెంబరుకల్లా, కర్నూలు జిల్లాలో కోత కూలి కూడా గిట్టక రైతులు పంటను రోడ్డు పక్కన పారబోశారు. పత్తికొండ మార్కెట్ పేరు ఏటా ఏదో ఒక నెలలో ఇలాగే వార్తల్లోకి వస్తుంది. ధర పడిపోయిన ఆ రోజుల్లో ఎక్కువగా మిగిలిపోయేవి, ఎవరూ కొననివి ఏవి? పూర్తిగా పండిన కాయలే. సూప్‌కు అన్నిటికన్నా మంచివి అవే. ఇంట్లో సూప్ కాచుకున్నంత మాత్రాన రైతు కష్టం తీరుతుందని నేను అనను, దానికి శీతల గోదాములు, గుజ్జు తీసే కర్మాగారాలు కావాలి. అయినా పండిన కాయకు గిరాకీ పెరిగితే ఆ గంపను సాయంత్రం చెత్తలో కుమ్మరించే పని తప్పుతుంది.

ఇప్పుడు చిక్కదనం సంగతి. నా వాదనకు అసలు బలం ఇక్కడుంది. టమాటా గుజ్జును పట్టి ఉంచేది పెక్టిన్ అనే పీచు పదార్థం. కాయ కోసినా, చితికినా దానిలోని ఎంజైములు బయటపడి పెక్టిన్‌ను తుంచడం మొదలుపెడతాయి. అలా వదిలేస్తే గుజ్జు పల్చబడి, పైన నీరు తేలుతుంది. దాదాపు 85 నుంచి 90 డిగ్రీల వేడి తగిలితే ఆ ఎంజైములు పని చేయవు. అందుకే కెచప్ కోసం చిక్కటి గుజ్జు తీసే కర్మాగారాల్లో టమాటాలను చితికిన వెంటనే శరవేగంగా వేడెక్కిస్తారు. తక్కువ వేడి మీద చితకగొట్టే పద్ధతి కూడా ఉంది. దానివల్ల తాజా వాసన ఎక్కువగా నిలుస్తుంది, కానీ గుజ్జు పల్చగా ఉంటుంది. చల్లగా తాగే రసానికి అది బాగుంటుంది.

పచ్చి టమాటాలను మిక్సీలో వేసి రుబ్బి, ఆ తర్వాత తీరిగ్గా సన్న సెగ మీద పెట్టేవాళ్లకు సూప్ ఎందుకు విరిగినట్టు ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఎంజైములకు కావలసినంత సమయం మనమే ఇస్తున్నాం. ఆ తర్వాత పిండి వేసి అతికిస్తున్నాం. కాబట్టి గిన్నె ముందే వేడెక్కాలి, కాయలు కోసిన వెంటనే అందులో పడాలి, మొదటి అయిదారు నిమిషాలు మూత పెట్టి పెద్ద మంట మీద ఉంచాలి. ఈ ఒక్కటి పాటిస్తే పిండి డబ్బా తెరవాల్సిన పని ఉండదు.

నేను చేసే పద్ధతి చెబుతాను. నలుగురికి బాగా పండిన టమాటాలు కిలో, ఒక మోస్తరు ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, సగం క్యారెట్, ఒక బిర్యానీ ఆకు, గుప్పెడు కొత్తిమీర కాడలు. ఆకులు కాదు, కాడలే. ఉడికే దేనికైనా కాడల్లోని వాసన ఆకుల కన్నా బాగా దిగుతుంది. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె కావాలి. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుపు వండితే కిలుము దిగుతుంది, దాని జోలికి వెళ్లకండి. గిన్నెలో చెంచాడు నూనె, చెంచాడు వెన్న వేసి ఉల్లిపాయ, వెల్లుల్లి, సన్నగా తరిగిన క్యారెట్ మగ్గించాలి. ఉల్లిపాయ ఎర్రబడకూడదు, అద్దంలా మారితే చాలు. ఈ ఉల్లిపాయ, క్యారెట్లే సూప్‌కు కావలసిన తీపినిస్తాయి. చక్కెర వద్దనడానికి కారణం ఇదే. చక్కెర నాలుక మీద విడిగా తెలుస్తుంది, మగ్గిన ఉల్లి తీపి పులుపులో కలిసిపోతుంది.

మంట పెంచి, నాలుగేసి ముక్కలుగా కోసిన టమాటాలు, అర చెంచా ఉప్పు వేసి మూత పెట్టాలి. నీళ్లు పోయకూడదు. ఉప్పుకు టమాటాలే నీరు వదులుతాయి. గిన్నె అంచు నుంచి ఆవిరి బలంగా తన్నుతున్నప్పుడు మూత తీస్తే ముక్కలు తమ రసంలోనే మునిగి కుతకుతలాడుతుంటాయి. అప్పుడు బిర్యానీ ఆకు, కాడలు వేసి, మంట తగ్గించి, మూత లేకుండా ఇరవై నిమిషాలు వదిలేయాలి. మొదట నురగ పైకి వస్తుంది, తర్వాత తగ్గుతుంది. పెద్ద పెద్ద నీటి బుడగలు పోయి, బుడగలు నెమ్మదిగా, బరువుగా పగలడం మొదలవుతుంది. ఆ చప్పుడు వినిపించిందంటే చాలినంత నీరు పోయినట్టే. ప్రెషర్ కుక్కర్‌లో తొందరగా ఉడికిపోతుంది గానీ అందులో నీరు ఎక్కడికీ పోదు. కుక్కర్ వాడితే తర్వాత మూత తీసి మరిగించక తప్పదు.

మిక్సీ వద్దంటాను. గింజలు నలిగితే రవ్వరవ్వగా తగులుతుంది, కొంచెం చేదు కూడా దిగుతుంది. పైగా గాలి కలిసి ఎర్రటి గుజ్జు నారింజ రంగుకు తిరుగుతుంది. అప్పుడే బీట్‌రూట్ ఆలోచన వస్తుంది. బిర్యానీ ఆకు, కాడలు తీసేసి పప్పుగుత్తితో గిన్నెలోనే మెదిపి, స్టీలు జల్లెడలో పోసి, గరిటె అడుగుతో గుండ్రంగా రుద్దాలి. చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దాలి. చివరికి పైన తొక్కలు, గింజలు పొడిపొడిగా మిగలాలి. జల్లెడ వెనకవైపు అంటుకున్న గుజ్జును గరిటెతో గీకి దించడం మరవకూడదు, అందులోనే అసలు చిక్కదనం ఉంటుంది. గింజల చుట్టూ ఉండే జిగురును కొందరు ముందే తీసి పారేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కండ కన్నా ఆ జిగురులోనే గ్లుటామిక్ ఆమ్లం ఎక్కువ. టమాటాకు ఆ నిండైన, నోరూరించే రుచి చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. జల్లెడ పడితే గింజలు పోయి జిగురు మిగులుతుంది.

కిలో కాయలకు నాలుగు చిన్న కప్పుల సూప్ వస్తుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానిచ్చి, ఉప్పు సరిచూసి, అప్పటికప్పుడు దంచిన మిరియాలు, ఇంకో చెంచాడు వెన్న వేసి దించాలి. వెన్న రుచికి మాత్రమే కాదు. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ కొవ్వులో కరుగుతుంది. ఉడికించి, కాస్త కొవ్వుతో కలిపి తీసుకున్నప్పుడు పచ్చి టమాటా కన్నా ఎక్కువగా ఒంటికి పడుతుంది.

కొందరు పాలు పోస్తారు. పాలలోని ప్రోటీన్, పులుపును కొలిచే పీహెచ్ లెక్కలో దాదాపు 4.6 దగ్గర విరుగుతుంది, టమాటా పులుపు సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. మరిగే సూప్‌లో పాలు పోసి, ముక్కలైందని బాధపడటంలో అర్థం లేదు. చిటికెడు వంటసోడా వేసి పులుపు చంపి పాలు కలపడం పాత పద్ధతి. పని చేస్తుంది, కానీ సోడా చిటికెడు దాటితే సబ్బు రుచి వస్తుంది. తెల్లదనం కావాలనుకుంటే దించాక పైన మీగడ వేసుకోండి. కొవ్వు ఎక్కువ కాబట్టి అంత తేలిగ్గా విరగదు.

ఇంట్లో ఇదంతా చెబితే వచ్చే మొదటి ప్రశ్న, “టమాటా చారు ఉండగా ఈ సూప్ ఎందుకు?” అని. ఈ ప్రశ్నను నేను గౌరవిస్తాను, ఎందుకంటే చారు మీద నా ప్రేమ ఎవరికీ తీసిపోదు. కానీ చారుకు ప్రాణం తాలింపు, మిరియాలు జీలకర్రల ఘాటు. అది పల్చగా ఉండి అన్నంలో కలిసిపోవాలి. అన్నం తినగలిగే మనిషికి చారు. అన్నం వైపు చూడలేని మనిషికి, నమలడానికి ఓపిక లేని మనిషికి, ఒట్టిగా తాగినా కడుపులో కాస్త నిలిచేది కావాలి. సూప్ అందుకు. ఆవాలు, ఇంగువ, కరివేపాకు వేసి తాలింపు పెడితే అది మంచి చారే అవుతుంది, సూప్ మాత్రం కాదు. రెండింటినీ కలిపి రెండూ కాని దాన్ని చేయడం నాకు నచ్చదు.

నాన్నగారికి డెంగీ వచ్చి తగ్గాక ఈ తేడా కళ్లారా చూశాను. ఆసుపత్రిలో సాయంత్రం ఇచ్చిన సూప్‌ను ఒక గుక్క తాగి కప్పు పక్కన పెట్టేశారు. “ఇది జావలా ఉందమ్మా, నోటికి అంటుకుంటోంది” అన్నారు. ఇంటికి వచ్చాకా నోరు చేదుగానే ఉంది. అన్నం వాసన పడటం లేదు, ఇడ్లీ వద్దన్నారు. పిండి లేని సూప్ కాచి, వెన్న తగ్గించి, గోరువెచ్చగా స్టీలు గ్లాసులో పోసి ఇచ్చాను. చెంచా పక్కన పెట్టి గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నారు. కొంచెం తాగి ఆగారు. “పుల్లగా బాగుందమ్మా. మిగతాది మూత పెట్టి ఉంచు, కాసేపాగి తాగుతాను” అన్నారు. కాసేపాగి నిజంగానే అడిగారు. ఒంట్లో బాగాలేనప్పుడు ముక్కు మూసుకుపోయి వాసనలు అందకపోయినా పులుపు, ఉప్పు, గ్లుటామిక్ ఆమ్లం రుచి నాలుకకు తెలుస్తూనే ఉంటాయి. తక్కినవన్నీ చప్పగా, చేదుగా అనిపించే సమయంలో ఇది రుచిగా ఉండటానికి కారణం అదే కావచ్చు. పిండి ఆ పులుపును కప్పేస్తుంది. నాన్నగారు వద్దన్నది టమాటాను కాదు, దాని మీద పడిన ముసుగును.

అందరికీ ఇది పడుతుందని అనను. పరగడుపున పుల్లటి సూప్ తాగితే కొందరికి గుండెల్లో మంట, పుల్ల తేన్పులు వస్తాయి. మూత్రపిండాల జబ్బుతో పొటాషియం తగ్గించమని వైద్యులు చెప్పినవారు వారిని అడిగాకే తాగాలి. ఎందుకంటే నీరు తగ్గించి చిక్కబరచినప్పుడు పొటాషియం కూడా చిక్కబడుతుంది.

తోడుకు, నిన్నటి బ్రెడ్ ముక్కలను పెనం మీద నెయ్యితో కరకరలాడేలా కాల్చితే చాలు. ఎండిన జొన్నరొట్టె తుంచి ముంచుకున్నా బాగుంటుంది.

ఉద్యోగం చేసి ఇల్లు చేరేసరికి రాత్రయ్యే వాళ్లు ఇంతసేపు ఎవరు రుద్దుతారని అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ధర పడిపోయే నెలల్లోనే ఉంది. చవకగా దొరికిన వారం అయిదు కిలోలు తెచ్చి, ఇదే పద్ధతిలో గుజ్జు తీసి, ఇంకో పది పదిహేను నిమిషాలు దగ్గరగా మరిగించి, చల్లారాక చిన్న డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. డబ్బా నిండా పోయకండి, గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది. మూడు నాలుగు నెలలు హాయిగా నిలుస్తుంది. కావలసిన రోజు ఒక డబ్బా గుజ్జు గిన్నెలో వేసి, సగం గ్లాసు వేడినీళ్లు కలిపి మరిగిస్తే పది నిమిషాల్లో సూప్ సిద్ధం. పొట్లం విప్పి, ఉండలు కట్టకుండా కలిపి మరిగించడానికీ దాదాపు అంతే సమయం పడుతుంది. మిరియాలు, వెన్న మాత్రం ఫ్రీజర్‌లో పెట్టే గుజ్జులో వేయకండి. మిరియాల ఘాటు పోతుంది, మళ్లీ మరిగించినప్పుడు వెన్న విడిపోయి పైన తేలుతుంది. రెండూ తాగబోయే ముందు వేసుకోవాల్సినవే.